విద్యార్థులకు రంగస్థల దర్శనము

సంగీతమును గూర్చి పుస్తకమున చదువుట వేఱు. గాయకుడు ఎదుట కూర్చుండి పాడగా వినుట వేఱు. ఈ భేదమును గుర్తించి, పాఠశాల విద్యార్థులకు ప్రత్యక్ష ప్రదర్శనములను చూపుటకు పూనుకొనిన విశ్వవిద్యాలయములు అమెరికా దేశమున పెక్కు కలవు. వానిలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి బర్క్‌లీ విశ్వవిద్యాలయము చేయుచు వచ్చిన కార్యమును మా చదువరులకు తెలుపదలచితిమి.

ఆ విశ్వవిద్యాలయమున ‘కాల్ పెర్ఫార్మెన్సెస్’ అను సంస్థ కలదు. ఇది నానాదేశముల గాయకులను, నర్తకులను, నటులను రప్పించి ప్రదర్శనము లిప్పించును. 1968లో తెఱవబడిన జెల్లర్‌బాక్ మందిరము దీని ముఖ్య రంగస్థలము. అందు సుమారు 2,000 మంది కూర్చుండవచ్చును. సాయంకాలము పెద్దల యెదుట ఆడు కళాకారులచేతనే, పగటివేళ విద్యార్థుల కొఱకు గంటసేపు ప్రదర్శన మిప్పించుట వీరి పద్ధతి. ముందుగా ఉపాధ్యాయులకు ఒక చిన్న పుస్తకము నందజేయుదురు. అందు కళాకారుల చరిత్రము, కళయొక్క వివరము, తరగతిలో చేయదగిన అభ్యాసములు ఉండును. ఏమి చూడబోవుచున్నారో ఎఱిగి వచ్చుటచే పిల్లల దృష్టి నిలుచును.

ఇట్టి దర్శనము ఎంత పని చేయగలదో ఆల్విన్ ఐలీ చరిత్రము తెలుపును. ఇతడు 1931లో టెక్సాస్ రాష్ట్రమున పేద నల్లజాతి కుటుంబమున జన్మించెను. తల్లి పత్తిచేలలో కూలిచేసి పోషించెను. 1942లో వారు లాస్ ఏంజిలిస్ నగరము చేరిరి. అచ్చట పాఠశాలవారు పిల్లలను బాలే నృత్యము చూపుటకు తీసికొనిపోయిరి. వారిలో ఐలీ యొకడు. ఇతడే 1958లో న్యూయార్కున నృత్యబృందమును స్థాపించి, 1960లో ‘రివలేషన్స్’ అను నృత్యమును కూర్చి ప్రఖ్యాతి గాంచెను. 1989లో ఇతడు మరణించినను బృందము నిలిచినది. బర్క్‌లీలో విద్యార్థుల యెదుటను ఆడినది. 2002లో అచ్చట ఐలీ పేర వేసవి శిబిరము కూడ ఆరంభమయ్యెను. 11 మొదలు 14 ఏండ్ల పిల్లలకు ఆఱు వారములు, రుసుము లేకుండ, నృత్యము నేర్పుట దాని యుద్దేశము.

చలనచిత్రముగా చూపిన చాలదా యని కొందఱడుగవచ్చును. ఆర్కన్సా విశ్వవిద్యాలయ పండితులు దీనిని పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించిరి. చీట్లు వేసి కొన్ని విద్యార్థి సమూహములను నాటకమునకు పంపిరి, కొన్నిటిని పంపలేదు. చూచినవారు కథను, పదముల అర్థములను అధికముగా గ్రహించిరి. ఇతరుల మనోభావములను గుర్తించుటలోను మెఱుగై యుండిరి. ఆ నాటకమును చదివినందునగాని, చలనచిత్రముగా చూచినందునగాని ఈ ఫలము కలుగలేదు.

అయినను ఇందొక చిక్కు కలదు. ప్రవేశరుసుము స్వల్పమైనను బస్సు ఖర్చు స్వల్పము కాదు. ఒక పూట పాఠములును పోవును. అందుచే ధనము చాలనప్పుడు ముందుగా ఈ ప్రయాణములనే మానుకొనుట కలదు. ఇది న్యాయమని మాకు తోచదు. కలవారి బిడ్డలను తల్లిదండ్రులే నాట్యశాలలకు తీసికొనిపోవుదురు. పేదబిడ్డకు పాఠశాల దప్ప దిక్కులేదు. ఆనాడు ఐలీని చేయిపట్టి తీసికొనిపోయినది పాఠశాలయే గదా!