రాత్రికి 500 రూపాయలు... తాళం వాళ్ళే వేసేవారు!

మీకు తెలుసా? సంగారెడ్డిలో రాత్రి బసకు లాడ్జికి పోవచ్చు, లేదంటే జైలుకు పోవచ్చు అన్న రోజులు ఒకప్పుడుండేవి. జైలుకు పోవడానికి నేరం చేయనక్కర్లేకపోయేది. 500 రూపాయలు కడితే సరిపోయేది!

1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలులో 2012 దాకా ఖైదీలు ఉన్నారు. 2016లో అది మ్యూజియమైంది. ఆ ఏడాదే జైళ్ళ శాఖ ‘ఫీల్ ది జైల్’ అని పేరు పెట్టి బ్యారక్‌ల తలుపులు జనానికి తీసింది. 24 గంటల శిక్ష, 500 రూపాయల రుసుము. కేసు లేదు, వకీలు లేడు, వాయిదా అసలే లేదు!

డబ్బు కట్టిన అతిథి చేతికి ఏమిచ్చేవారో తెలుసా? ఖద్దరు జైలు బట్టలు, స్టీలు కంచం, గ్లాసు, మగ్గు, ఒంటికొక సబ్బు, బట్టలకొక సబ్బు, పడక. తిండి కూడా ఖైదీ తిండే. చీకటి పడకముందే రాత్రి భోజనం అయిపోయేది. అర్ధరాత్రి ఆకలేస్తే? తెల్లారే టీ కోసం ఊచలు లెక్కపెట్టుకోవడమే!

పని చేయించేవారా అంటే, బలవంతం లేదు. కానీ పడుకునే బ్యారక్ అతిథే ఊడ్చుకోవాల్సి వచ్చేది, ఆవరణలో ఒక మొక్క నాటాల్సి వచ్చేది. డబ్బిచ్చి చీపురు పట్టుకునే బస ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఇంత చేసి ఎవరైనా వచ్చారా? వచ్చారు! మలేషియా నుంచి ఇద్దరు విమానమెక్కి మరీ వచ్చారు. చార్మినార్ చూడ్డానికి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళ గురించి విన్నాం. సంగారెడ్డి జైల్లో పడుకోవడానికి దాటినవాళ్ళు వీళ్ళే!

సరే, గోడలు చాలు. నీళ్ళ మధ్యకు పోదాం. సంగారెడ్డి పక్కనే 9 చిన్న దీవులున్నాయని మీకు తెలుసా? కల్పగూరు దగ్గర మంజీర బ్యారేజీ వెనక నిలిచిన నీటిలో పుట్టిగడ్డ, కరణంగడ్డ లాంటి గడ్డలవి. 1978లో ఆ 20 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. దీవి మీద గది అడుగుతారా? గదుల్లేవు. ఉన్న చోటంతా పక్షులు, మగ్గర్ మొసళ్ళు ముందే బుక్ చేసుకున్నాయి. చెక్-ఇన్ సులువే, చెక్-అవుట్‌కు మాత్రం మొసలి ఒప్పుకోవాలి!

ఆ మొసళ్ళు ఈదే నీళ్ళే హైదరాబాద్ నల్లాల్లోకి వస్తాయని మీకు తెలుసా? 1965 నుంచి నగరం మంజీర నీళ్ళు తాగుతోంది. శుద్ధి చేసే పంపుతారు, కంగారు పడి గ్లాసు కింద పెట్టకండి!

గోదావరిలో కలవాల్సిన నది గోదావరికి వీపు తిప్పి నడుస్తుందా? మంజీర నడుస్తుంది! మహారాష్ట్రలోని బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, ఆగ్నేయంగా మన సంగారెడ్డి దాకా వచ్చి, ఇక్కడ మనసు మార్చుకొని ఉత్తరానికి తిరుగుతుంది. నిజామాబాద్ జిల్లా కందకుర్తిలో గోదావరిని కలిసేసరికి 724 కిలోమీటర్లు అవుతాయి. ఔటర్ రింగు రోడ్డు మీద కూడా ఇంత పెద్ద యూటర్న్ లేదు!

దారిలో అదే నది 7 పాయలుగా చీలుతుంది. అదే మెదక్ జిల్లా ఏడుపాయల. రాళ్ళ గుట్టలు, పాయల మధ్య వనదుర్గమ్మ గుడి. శివరాత్రి జాతరకు వచ్చేవాళ్ళు ఆ గుట్టల నడుమే గుడారాలు వేసుకొని, పొయ్యి రాళ్ళు పేర్చుకొని రాత్రంతా అక్కడే ఉంటారు. ఎగువన సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తితే? నది నేరుగా గర్భగుడి ముందుకే వస్తుంది. అప్పుడు రాజగోపురం దగ్గర ఉత్సవ విగ్రహానికి పూజలు చేస్తారు. భక్తులు అమ్మవారి దగ్గరికి పోలేని రోజు నది పోయి దండం పెట్టుకుంటుంది!

కొండే దీవిగా మారిన చోటు తెలుసా? నాగార్జునకొండ! 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. నీళ్ళు వచ్చేలోగా పురావస్తు శాఖ పరుగులు పెట్టి తవ్వింది. దొరికినదాంట్లో కొంత గుట్ట పైకి మోసింది, కొంత ఒడ్డున అనుపుకు తరలించింది. ఇప్పుడు లోయ చెరువు, గుట్ట దీవి, దీవి మీద మ్యూజియం. లాంచీలో వెళ్ళి లాంచీలోనే వచ్చేయాలి. రాత్రి అక్కడ ఉండే హక్కు బౌద్ధ శిల్పాలకే!

దీవిలో నిజంగా పడుకోవాలా? ములుగు జిల్లా లక్నవరం పొండి. కాకతీయులు తవ్విన చెరువు, అందులో 13 దీవులు, ఊగే వంతెన, అవతల కాటేజీలు. విజయవాడ భవానీ ద్వీపం ఇంకా పెద్దది. 133 ఎకరాలు, చుట్టూ కృష్ణమ్మ. రెండు చోట్లా మొసళ్ళ అనుమతి అక్కర్లేదు!

సముద్రం కనిపించే కొండ కొమ్ము మీద ఏనాడో గదులు కట్టుకున్నదెవరో మీకు తెలుసా? రిసార్టు వాళ్ళు కాదు, బౌద్ధ భిక్షువులు! విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ ఉంది. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. రెండు వేల ఏళ్ళ కిందటే అక్కడ 72 గదుల విహారం కట్టారు. 72 గదులూ కొండ మీదే, ఎదురుగా బంగాళాఖాతం. ‘సీ వ్యూ’కు అదనపు చార్జీ లేదు!

నీళ్ళెలా? కొండ రాతిని తొట్లుగా తొలిచారు. వాన పడితే తొట్టి నిండుతుంది, భిక్షువు ముంచుకుంటాడు. వానాకాలం మూడు నెలలూ ఊళ్ళు తిరగకుండా ఒకే చోట ఉండాలన్నది భిక్షువుల నియమం. అంటే నీళ్ళు దొరికే రోజుల్లోనే అతిథులూ నిండుగా! ట్యాంకర్‌కు ఫోన్ చేసే పనే లేదు!

ఇంత పెద్ద విహారాన్ని మళ్ళీ కనుక్కున్నదెవరు? 1976లో నౌకాదళం! స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే కంటబడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వితే శాతవాహనుల నాణేలతో పాటు 5 రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండ మీదికి వచ్చిన రోము డబ్బు రెండు వేల ఏళ్ళు చిల్లర మారకుండానే పడి ఉంది!

రోమన్ నాణెం చూడ్డానికి విశాఖ దాకా ఎందుకంటారా? నిజమే! మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ ఏం తక్కువ? 1940 ప్రాంతంలో నిజాం పురావస్తు శాఖ అక్కడి దిబ్బ తవ్వితే శాతవాహనుల నాణేలు వేలల్లో బయటపడ్డాయి, వాటితో రోము సరుకూ వచ్చింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ నిన్నమొన్నటిది. ఈ నేల మీద టంకశాల రెండు వేల ఏళ్ళ కిందటిది!

కొండ మీద హోటల్ అంటే ఫలక్‌నుమా గుర్తు రాకుండా ఉంటుందా? ‘పైగా’ వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న పునాది వేయించాడు. పూర్తయ్యేసరికి 9 ఏళ్ళు పట్టింది. చివరికి ఆ భవనం అతిథిగా వచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. కట్టిన ఇంటిని అతిథికే అప్పగించిన ఆతిథ్యం!

అక్కడి భోజనాల బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలో మీకు తెలుసా? వంద అన్నారా? తప్పు. 101! ఆ చివర కూర్చున్న బంధువు చారు అడిగితే ఈ చివరి నుంచి గిన్నె చేరేసరికి పెరుగన్నం వేళవుతుంది!

1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ బస చేశాక ఆ గదులు పెద్ద అతిథి మొహం చూడలేదు. పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో తాజ్ హోటల్‌గా తెరుచుకున్నాయి. అంటే గది ఖాళీగానే ఉంది, దొరకడానికే 59 ఏళ్ళు పట్టింది!

ప్రపంచంలో అన్నిటికన్నా పాత హోటల్? జపాన్ కొండల్లో నిషియామా ఆన్‌సెన్ కెయున్‌కాన్. క్రీ.శ. 705 నుంచి నడుస్తోంది, గిన్నిస్‌కెక్కింది. 52 తరాలు ఒకే ఇంటి చేతిలో నడిచింది. అప్పటికి కాకతీయులు లేరు, గోల్కొండ కోట లేదు, వేడినీళ్ళ స్నానం మాత్రం తయారు!

గ్రీసు దీవి శాంటొరినిలో అయితే చాలా హోటల్ గదులు కొండ అంచును తొలిచిన గుహ ఇళ్ళే. అగ్నిపర్వతం పేలి మిగిలిన గోడ అది. కింది పాత రేవు నుంచి ఫీరా ఊరికి 588 మెట్లు. సామానుతో ఎక్కినవాడికి గది చూపించక్కర్లేదు, మంచం చూపిస్తే చాలు!

ఇప్పుడు అసలు ప్రశ్న. దీవి మీద, కొండ కడుపులో, సముద్రానికి ఎగువన, పైసా అద్దె లేకుండా బస చేస్తున్న పటాన్‌చెరు వాసులు లక్షకు పైగా ఉన్నారని మీకు తెలుసా? ఎవరనుకుంటున్నారు? రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వాళ్ళా? కాదు. పాశమైలారం షిఫ్టు కార్మికులా? కాదు. జొన్న, సజ్జ, రాగి, శనగ, కంది, వేరుశనగ!

మొదట ఇక్కడి గది చూద్దాం. పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో మొదలైంది. ఎర్ర చెలక, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో దొరికే చోటు ఇది. ఒక గట్టు మీద నిలబడి రెండు తెలంగాణలు చూడొచ్చు!

ఆ ఆవరణలోని విత్తన నిధిలో 144 దేశాల నుంచి వచ్చిన 1,20,000కు పైగా నమూనాలున్నాయి. ముంబయి హైవే మీద లారీలు హారన్ కొడుతుంటే, పక్కనే గోడ వెనక 144 దేశాలు నిద్రపోతున్నాయి!

ఆ నిద్రకు ఎంత సేవ చేస్తారో తెలుసా? కోసిన గింజను ఎండకు ఆరేయరు. 15 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉన్న గదిలో మెల్లగా ఆరబెడతారు. గింజలో తేమ 5 నుంచి 7 శాతానికి దిగాక, అల్యూమినియం రేకు సంచిలో గాలి తీసేసి సీలు వేస్తారు. తర్వాత మైనస్ 20 డిగ్రీల గదిలో పెడతారు. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే గోడకు అటూ ఇటూ తేడా 62 డిగ్రీలు! మనం కూలర్‌లో నీళ్ళు పోసుకుంటుంటే సజ్జ గింజకు దుప్పటి కావాలి!

ఈ అతిథులు ఒట్టిగా పడుకోరు, పిలిస్తే లేచి పోతారు. ఇథియోపియా, కెన్యా, నైజీరియా, సోమాలియాలకు వాళ్ళ వాళ్ళ సొంత విత్తనాలనే ఇక్కడి నుంచి తిరిగి పంపారు. ఎప్పుడో తాతలు విత్తిన జొన్న, మనవళ్ళ దగ్గరికి పటాన్‌చెరు మీదుగా చేరింది. ఇంతకన్నా గొప్ప ఎగుమతి ఈ పారిశ్రామికవాడ చేసిందా అంటే నేనైతే లేదనే అంటాను!

మరి దీవి సంగతి? ఇక్కడి గదికేమైనా అయితే ఎట్లా అని అవే నమూనాలను కొంచెం కొంచెంగా నార్వేకు పంపారు. అక్కడ స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో, కొండను తొలిచి కట్టిన ప్రపంచ విత్తన ఖజానా ఉంది. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. కొండలోకి వంద మీటర్లకు పైగా సొరంగం, చివర మైనస్ 18 డిగ్రీల గదులు. ఈ చలిని జహీరాబాద్ కంది ఎన్నడైనా కలగన్నదా!

సముద్ర మట్టానికి 130 మీటర్ల ఎత్తున ఎందుకు కట్టారో తెలుసా? ధ్రువాల మంచంతా కరిగి సముద్రం పొంగినా గింజ తడవకూడదని! కరెంటు పోయినా పరవాలేదు, చుట్టూ ఏళ్ళ తరబడి గడ్డకట్టిన నేలే ఉంది. ఇన్వర్టర్ అవసరం లేని గది!

ఖజానా పక్కనున్న ఊళ్ళో అక్టోబరు చివర మునిగిన సూర్యుడు ఫిబ్రవరి మధ్య దాకా పైకి రాడు. ఊరి పొలిమేర దాటితే తెల్ల ఎలుగుబంటిని బెదరగొట్టే సరంజామా వెంట ఉండాలి. అర్ధరాత్రి పాశమైలారం నుంచి బైకు మీద ఇంటికొచ్చేవాళ్ళు వీధికుక్కల గురించి ఇక ఫిర్యాదు చేయకూడదు!

ఎన్ని గదులున్నాయంటారా? 45 లక్షల నమూనాలకు చోటుంది. ఒక్కో నమూనాకు దాదాపు 500 గింజలు. మన జైల్లో 500 రూపాయలు, అక్కడ 500 గింజలు. అద్దె మాత్రం సున్నా!

ఇంకో విడ్డూరం. ఖజానా నార్వేది, తాళం నార్వేది, పెట్టె మాత్రం పంపినవాళ్ళది. ఇక్రిశాట్ పెట్టెను ఇక్రిశాట్ తప్ప ఇంకెవరూ తెరవకూడదు. ఇంటివాడు కూడా గది తలుపు తట్టని హోటల్!

2016లో వేడి ఎక్కువై, వానా పడి, కరిగిన నీళ్ళు సొరంగం మొదట్లోకి వచ్చాయి. గింజల దాకా చేరలేదు. అయినా నార్వే ఊరుకోలేదు, సొరంగం ముఖద్వారం మళ్ళీ కట్టించింది. చుక్క నీరు కారితే బాగుచేసే ఇంటి ఓనరు ప్రపంచంలో ఉన్నాడన్నమాట!

ఇంతకీ గది ఖాళీ చేసినవాళ్ళున్నారా? ఉన్నారు! మొట్టమొదట 2015లో. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి తమ విత్తన నిధి అందకుండా పోవడంతో ఇకార్డా సంస్థ తన పెట్టెలు వెనక్కి తీసుకుంది. ఇక్రిశాట్‌కు ఇది అక్కచెల్లెలి వరసయ్యే సంస్థే. ఆ గింజల్ని లెబనాన్‌లో, మొరాకోలో విత్తి పెంచారు. 2017లో కొత్త గింజలు తెచ్చి మళ్ళీ అదే కొండలో పెట్టారు. గది ఖాళీ చేసి పోయినవాళ్ళు రెండేళ్ళకు పిల్లలతో తిరిగొచ్చారు!