నోటు మీద నీలం వెలుగు కనిపిస్తే అది దొంగనోటేనా? కంటికి కనపడని పూత కథ

ఈ రోజు టేబుల్ మీద రెండు ఐదు వందల నోట్లు, ఒక మామూలు ఏ4 కాగితం పెట్టాను. లైట్లు ఆపేసి యూవీ టార్చ్ వేస్తున్నాను, చూడండి.

ఏ4 కాగితం నీలంగా మెరిసిపోతోంది కదా. మొదటి నోటు కాగితం మాత్రం చీకట్లో కలిసిపోయింది. నంబర్లు, అక్కడక్కడ సన్నటి పోగులు మాత్రమే వెలుగుతున్నాయి. రెండో నోటు? మొత్తం నీలం! దొంగనోటు అనుకున్నారా? కాదు. రెండూ ఒకే రోజు ఒకే ఏటీఎంలో తీసినవే. రెండోది చొక్కా జేబులో ఉండిపోయి వాషింగ్ మెషిన్‌లో పడింది, అంతే. దాన్ని కిరాణా కొట్లో ఇస్తే ఆయన లైటు కింద పెట్టి చూసి, "ఇది నడవదు బాబూ" అని తిరిగిచ్చేశాడు. వెనక నిలబడ్డవాళ్లు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఈ ఎపిసోడ్ ఆ చూపు వల్లే!

అసలు ఏం జరిగిందంటే, మనం వాడే తెల్ల కాగితంలో, బట్టల సబ్బు పొడిలో ఆప్టికల్ బ్రైటెనర్ అనే రసాయనం ఉంటుంది. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం కాంతిగా వదులుతుంది. అందుకే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. నోట్ల కాగితంలో దాన్ని కావాలనే కలపరు. పాస్‌పోర్టు కాగితానికి కూడా ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఇదే చెబుతుంది: యూవీ కింద కాగితం డల్‌గా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ చీకటిగా ఉంటేనే దాని మీద రహస్యంగా వేసిన గుర్తు బయటపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ రహస్య గుర్తును పగలు కనపడకుండా ఎలా వేస్తారు? రంగులేని వార్నిష్‌లోనో, పైన అతికే ప్లాస్టిక్ పొరలోనో వెలిగే పదార్థం కలుపుతారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ పదార్థం యూవీని మాత్రమే పీల్చాలి. మామూలు వెలుతురును పీల్చిందంటే రంగు కనపడిపోతుంది. రెండోది, అది పొడిలా గింజలు గింజలుగా ఉండకూడదు. గింజ పెద్దదైతే వెలుతురును చెదరగొట్టి పూతను పాలలా తెల్లగా చేసేస్తుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. గింజలు అంతకంటే చాలా చిన్నవిగా, కొన్ని పదుల నానోమీటర్లలో ఉండాలి. లేదా పదార్థం పూర్తిగా కరిగిపోవాలి.

కరిగే రకంలో నాకు బాగా నచ్చింది యూరోపియం. పేరు యూరప్ ఖండం నుంచే వచ్చింది. తమాషా ఏంటంటే, 2002లో యూరో నోట్లు వచ్చాక నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు వాటి వెలుగును కొలిచి, ఎరుపు వెనక యూరోపియం ఉందని తేల్చారు. ఆ తొలి సిరీస్ నోట్లను యూవీలో చూస్తే యూరోపియన్ యూనియన్ జెండా ఆకుపచ్చగా, నక్షత్రాలు నారింజ రంగులో కనిపిస్తాయి.

యూరోపియం ఒక్కటే ఉంటే సరిగ్గా వెలగదు, అది యూవీని పెద్దగా పీల్చలేదు. అందుకని దాని చుట్టూ కార్బన్ అణువులున్న ఒక సమూహాన్ని కడతారు. ఇంటి మీద డిష్ సిగ్నల్ పట్టి కింద టీవీకి అందించినట్టు, ఆ సమూహం యూవీని పట్టి లోపలున్న యూరోపియంకి అందిస్తుంది. కెమిస్ట్రీలో కూడా దీన్ని యాంటెన్నా ఎఫెక్ట్ అనే అంటారు. అప్పుడు వచ్చే ఎరుపు ముఖ్యంగా 615 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతలా ఉంటుంది. అదే టెర్బియం వాడితే 545 దగ్గర ఆకుపచ్చ. సబ్బు పొడి నీలం అలా కాదు, వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. మన కంటికి రెండూ వట్టి రంగులే, మెషీన్‌కి మాత్రం పూర్తిగా వేరు.

ఇంకో తేడా టైమ్. లైటు ఆపగానే బ్రైటెనర్ వెలుగు కొన్ని నానోసెకన్లలో పోతుంది. యూరోపియం వెలుగు మిల్లీసెకనుకు దగ్గరగా ఉంటుంది. మనకది కనురెప్ప వేసేంత కూడా కాదు, కానీ సెన్సర్‌కి బోలెడంత టైమ్. దీపం ఒకసారి ఫ్లాష్ చేసి, ఆర్పేశాక చూస్తే చాలు. ఉతికిన నోటు నీలం అప్పటికే మాయమవుతుంది, అసలు గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. కిరాణా కొట్టు లైటుకి ఈ తెలివి లేదు, పాపం ఆయన తప్పేం లేదు.

జిరాక్స్ తీస్తే ఏమవుతుంది? స్కానర్ మామూలు వెలుతురులో కనిపించేదే చూస్తుంది. పూత అందులో పడదు, ప్రింటర్ ఇంకులో యూరోపియం ఉండదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పూత శాశ్వతం కాదు. గీతలు పడతాయి, ఎక్కువ రోజులు ఎండలో ఉంటే ఆ యాంటెన్నా అణువులు చెడిపోయి వెలుగు తగ్గిపోతుంది. పైగా ఏదో ఒకటి వెలిగేలా చేయడం దొంగలకీ పెద్ద కష్టం కాదు, మార్కెట్లో ఫ్లోరసెంట్ ఇంకులు దొరుకుతాయి. అందుకే "వెలుగుతోందా లేదా" అని ఒక్కటే చూస్తే లాభం లేదు. ఏ రంగు, ఎక్కడ, మిగతా చోట చీకటిగా ఉందా అన్నది చూడాలి.

ఇప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న. ఫోన్ ఫ్లాష్ మీద టేపు అతికించి, నీలం మార్కర్ రుద్దితే యూవీ లైటు అయిపోతుందని వీడియోలు తిరుగుతున్నాయి కదా? అవ్వదండీ. ఫోన్ ఫ్లాష్ లోపల నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు పూత ఉంటాయి. అందులో యూవీ దాదాపు లేనట్టే. టేపు ఉన్న రంగుల్లో కొన్నింటిని ఆపుతుందే తప్ప లేనిదాన్ని పుట్టించలేదు. హైలైటర్ ఇంకు వెలుగుతుంది, ఎందుకంటే దానికి నీలం కాంతి చాలు. దాన్ని నమ్మి నోటు చెక్ చేస్తే నష్టం మీకే. టార్చ్ కొంటే 365 నానోమీటర్లది కొనండి. చవకగా దొరికే 395వి ఊదా రంగు ఎక్కువ చిమ్ముతాయి, అసలు వెలుగు అందులో మునిగిపోతుంది. ఏదైనా సరే, కళ్లలోకి మాత్రం వేసుకోకండి.

టార్చ్ లేకపోతే? ఐదు వందల నోటుని వెలుతురుకి ఎత్తి గాంధీగారి వాటర్‌మార్క్, 500 అంకె చూడండి. వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. గాంధీగారి బొమ్మ మీద వేలితో రాస్తే గరుకుగా తగలాలి. నా ఉతికిన నోటు ఈ మూడూ పాసైంది. అయినా అనుమానంగా ఉంటే బ్యాంకులో చూపించండి. నకిలీ అని తేలితే వాళ్లు నోటు ఉంచేసుకుని రసీదు ఇస్తారు, డబ్బు మాత్రం రాదు. బాధే. కానీ నకిలీ అని తెలిసీ ఇంకొకరికి అంటగడితే నేరం.

ఆ నోటుని నేను తర్వాత బ్యాంకులోనే జమ చేశాను. కౌంటర్‌లో మేడమ్ మెషీన్‌లో వేశారు, ఒక్క సెకను కూడా ఆగలేదు, వెళ్లిపోయింది. మీ నోటు ఎవరైనా ఇలా తిప్పి పంపారా? కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.