రెండవ గొంతు లేని సభలు

మౌనం అర్ధాంగీకారమని మన పెద్దల మాట. పెళ్లిచూపుల నాడు అది ముచ్చటగానే ఉంటుంది. మంత్రివర్గ సమావేశంలో మాత్రం ఆ అర్ధాంగీకారం క్షణంలో పూర్ణాంగీకారంగా మారి, కాగితం మీద ఏకగ్రీవ నిర్ణయంగా నమోదవుతుంది. సమావేశ మందిరం నుంచి వెలుపలికి వచ్చిన వారిని విడివిడిగా పలకరిస్తే సందేహాలు వెలిబుచ్చే వారు తక్కువేమీ కాదు. లోపల తల ఊపిన వారు కూడా వారే. వ్యక్తులుగా వివేకవంతులైన వారు సమష్టిగా కూర్చున్నప్పుడు ఎందుకు మూగవోతారు? ఈ ప్రశ్నకు మన గణతంత్ర చరిత్రలో 1975 జూన్ 26 ఉదయాన్ని మించిన ఉదాహరణ లేదు.

పూర్వరంగం పాఠకులకు తెలిసినదే. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు శ్రీమతి ఇందిరాగాంధి ఎన్నికను రద్దు చేసింది. 24న సుప్రీంకోర్టు షరతులతో కూడిన స్టే ఇచ్చింది. 25 సాయంత్రం రాంలీలా మైదానంలో శ్రీ జయప్రకాశ్ నారాయణ్ బ్రహ్మాండమైన సభలో ప్రసంగించారు. ఆ రాత్రే రాష్ట్రపతి శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ ఆత్యయిక పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. తెల్లవారేలోగా ప్రతిపక్ష నాయకులు నిర్బంధంలో ఉన్నారు. మంత్రివర్గం సమావేశమయింది మాత్రం ఆ తర్వాత, ఉదయం 6 గంటలకు! సమావేశం ఉన్నదన్న కబురు మంత్రివర్గ కార్యదర్శికే తెల్లవారుజామున 4.30 ప్రాంతంలో అందిందని షా కమిషన్ విచారణలో వెల్లడయింది. అత్యవసర సందర్భాలలో ప్రధానమంత్రి ముందు నిర్ణయించి, తర్వాత మంత్రివర్గం ఆమోదం పొందవచ్చునన్న కార్యనిర్వహణ నిబంధన ఒకటి అందుకు ఆసరా అయింది.

ఆనాడు కేంద్ర హోంమంత్రి మన రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి. 25 రాత్రి తనను ప్రధాని నివాసానికి పిలిపించి సంగతి తెలిపారని ఆయన తర్వాత కమిషన్‌కు చెప్పారు. 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు విధించిన ఆత్యయిక పరిస్థితి అప్పటికి ఇంకా అమలులోనే ఉన్నది. దాని క్రింద ఉన్న అధికారాలు చాలునని ఆయన సూచించారు. అది పరిశీలించామనీ, కొత్త ప్రకటన అవసరమేననీ సమాధానం వచ్చింది. మీకు ఉచితమని తోచినట్లు చేయండని చెప్పి, రాష్ట్రపతికి వెళ్లే లేఖపై ఆయన సంతకం చేశారు.

మరునాటి ఉదయం మంత్రివర్గంలో ప్రశ్న వేసినది రక్షణమంత్రి శ్రీ స్వరణ్‌సింగ్ ఒక్కరేనని ఆనాటి సమావేశాన్ని వర్ణించిన గ్రంథాలు చెబుతున్నాయి. దానిని అందుకొని పొడిగించిన వారు లేరు. కొద్ది సేపటిలోనే సమావేశం ముగిసింది. ఆ ఏడాది ముగియకముందే రక్షణశాఖ ఆయన చేయిదాటింది.

ఇక్కడ గమనించవలసిన అంశమొకటి ఉన్నది. ఆ బృందంలో సందేహం బొత్తిగా లేదనడం నిజం కాదు. రాత్రి ఒకరికి కలిగింది, ఉదయం మరొకరికి కలిగింది. కాని రాత్రి సందేహం నాలుగు గోడల మధ్య ప్రధానికి మాత్రమే వినిపించింది. ఉదయపు సందేహం ఒంటరిగా నిలిచి చల్లారింది. లోక్‌సభలో 1975 జూలై 21న ఈ ప్రకటనకు ఆమోదం కోరుతూ తీర్మానం ప్రతిపాదించిన శ్రీ జగ్జీవన్‌రామ్, 1977 ఫిబ్రవరిలో రాజీనామా చేసి బయటకు వచ్చి, ఎన్నికల రణరంగంలో దానినే ఖండించారు. ఎమర్జెన్సీ మంత్రివర్గంలో కొరవడినది మొదటి గొంతు కాదు, రెండవ గొంతు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. 1950వ దశకంలో అమెరికాలో సోలమన్ ఆష్ అనే ఆచార్యుడు కొందరిని కూర్చోబెట్టి, గీతల పొడవు పోల్చమన్నాడు. పసిపిల్లవాడైనా చెప్పగల జవాబది. కాని ఒక్కరు తప్ప మిగిలిన వారందరూ ఆయన ముందుగా ఏర్పరచిన మనుషులు; పలుమార్లు కావాలనే తప్పు చెప్పారు. అటువంటి సందర్భాలలో అసలు వ్యక్తి ఇచ్చిన జవాబులలో సుమారు మూడవ వంతు, కళ్లెదుటి సత్యాన్ని కాదని గుంపు వెంట పోయాయి. అయితే నిజం చెప్పే మనిషి మరొక్కడు ఆ గుంపులో ఉంటే చాలు, ఈ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గీతల పొడవు దగ్గరే ఇంత సంకోచమైతే, పదవి, పలుకుబడి, కొన్నిచోట్ల స్వేచ్ఛ సైతం పణంగా ఉన్న చోట ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

న్యాయస్థానం కూడా దీనికి అతీతం కాలేదు. ఆత్యయిక పరిస్థితిలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పినా, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో తట్టరాదన్నది. విభేదించినది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన కంటె జూనియర్‌కు దక్కగా, ఆయన రాజీనామా ఇచ్చారు. మెజారిటీలో ఒకరైన జస్టిస్ భగవతి దశాబ్దాల తర్వాత పశ్చాత్తాపం వెలిబుచ్చారు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆనాటి తీర్పును త్రోసిపుచ్చింది. ఖన్నాగారి పక్షాన రెండవ గొంతు పలకడానికి 41 సంవత్సరాలు పట్టింది!

సమష్టి బాధ్యత లేనిదే ప్రభుత్వం నడవదన్న వాదన ఉన్నది. అది సబబే. కాని ఆ బాధ్యత నిర్ణయం తర్వాత పాటించవలసిన కట్టుబాటు. నిర్ణయానికి ముందు నోటికి వేసుకునే తాళం కాదు. 1996లో శ్రీ జ్యోతిబసు ప్రధాని పదవి స్వీకరించాలా వద్దా అన్న ప్రశ్నపై మార్క్సిస్టు పార్టీ కేంద్ర కమిటీ వాదించుకొని, మెజారిటీతో వద్దన్నది. ఆయన దానిని తర్వాత చారిత్రక తప్పిదమన్నారు, అయినా పార్టీని వీడలేదు. నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఎవరి అభిప్రాయం ఏమిటో అక్కడ తేలింది. భిన్నాభిప్రాయం లెక్కకు వచ్చింది.

మన రాష్ట్రం చవిచూచిన అనుభవం ఇందుకు విరుద్ధమైనది. నాయకుని ఎంపికను అధిష్ఠానానికే వదిలివేస్తూ ఏకవాక్య తీర్మానం చేయడం కాంగ్రెసు శాసనసభాపక్షాలకు అలవాటయింది. 1978, 1983 ఎన్నికల మధ్య ఆంధ్రప్రదేశ్ నలుగురు ముఖ్యమంత్రులను చూచింది. ప్రతి మార్పూ ఏకగ్రీవమే! ఆ సభలో పలకని అసమ్మతి 1983 జనవరిలో ఓటుపెట్టెలలో పలికింది. పుట్టి పది నెలలైనా నిండని తెలుగుదేశం పార్టీకి అధికారం దక్కింది. సభలో అణచిన మాట ఎక్కడో ఒకచోట పైకి రాక మానదు.

1978లో పార్లమెంటు ఆమోదించిన 44వ రాజ్యాంగ సవరణ ఈ గుణపాఠాన్ని కొంతవరకు గుర్తించింది. మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందనిదే రాష్ట్రపతి ఆత్యయిక పరిస్థితి ప్రకటించరాదని 352వ అధికరణంలో చేర్చారు. నెల లోపల ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలన్నారు. మునుపటి వలె తెల్లవారిన తర్వాత మంత్రులను పిలిచి తల ఊపించుకోవడం ఇక చెల్లదు.

అయితే రాజ్యాంగం కాగితం కోరగలదు గాని, గొంతు ఇవ్వలేదు. లిఖితపూర్వక నిర్ణయం క్రింద కూడా మౌనంగా సంతకం చేయవచ్చు. మంత్రివర్గమైనా, పార్టీ కార్యవర్గమైనా, మన ఊరి సహకార సంఘమైనా, ఒకరు లేచి అడిగినప్పుడు, వారి మాట నాకూ సందేహంగానే ఉన్నది, చర్చిద్దాం అనే మరొకరు ఉన్నారా అన్నదే ఆ సంస్థ ఆరోగ్యానికి గీటురాయి. మొదటి వానికి సాహసం కావాలి. రెండవ వానికి కావలసినది అంతకంటె తక్కువే. అయినా 1975 జూన్ 26 ఉదయం ఆ మాత్రం కూడా కరువయింది.