కాలవ కట్టేస్తే ఆగిన చీరలు

"ఈ వయసులో పరీక్షలేమిటమ్మా?" అన్నారు అత్తయ్య. మాది బందరు. పెడనలో కలంకారీ చీరలు అద్దించి, ఆర్డర్లకి పంపుతుంటాను. రాత్రి వంటిల్లు సర్దాక దూరవిద్యలో పి.ఎం.పి. అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షకి చదువుతున్నాను. 35 గంటల శిక్షణ ఇంట్లోంచే అయింది.

'క్రిటికల్ పాత్' పాఠం మాత్రం ఎన్నిసార్లు చదివినా కొరుకుడు పడలేదు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మొదలెట్టిన లెక్కట. చివరికి మన అద్దకంతోనే రాసి చూశాను. గుడ్డని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపు, పటిక అద్దాలి. పారే నీళ్లలో ఉతకాలి, రంగులో ఉడికించాలి. నలుపు ఊరడానికి రోజులు పడుతుంది, నిజమే. కానీ ముందే ఊరబెట్టుకోవచ్చు కదా! ఉతుకుడు అలా కాదు. అది ఆగితే వెనకున్నవన్నీ ఆగాల్సిందే.

కిందటి వేసవిలో కాలవలు కట్టేశాక నా ఆర్డరు మూలపడింది. పాపం, పనివాళ్లనే కోప్పడ్డాను. తప్పు తేదీ ఒప్పుకున్న నాది.

డిగ్రీవాళ్లు దరఖాస్తులో 36 నెలల అనుభవం చూపాలి. "ఇంట్లో చేసే పనీ లెక్కేనా?" అని అడిగిన అత్తయ్యే అటకమీద పాత ఆర్డరు పుస్తకాలు దింపించి, దుమ్ము దులిపి ఇచ్చారు.