ఎదుటివాళ్ల పైసలు, మన లెక్కలు

దసరా ముందు రోజుల్లో గోదావరిఖని లక్ష్మీనగర్‌లో నడవడానికి జాగా దొరకదు. బంగారం దుకాణాల్లో, సెల్‌ఫోన్ షాపుల్లో, మోటారు సైకిళ్ల షోరూముల ముందు జనమే జనం. సింగరేణి కార్మికుల ఖాతాల్లో లాభాల వాటా పడిందంటే మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి బజార్లలోనూ ఇదే సందడి. 2024లో కంపెనీ విస్తరణకు తీసిపెట్టినది పోగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, దాదాపు 42 వేల మంది పర్మినెంటు కార్మికులకు పంచారు. సగటున తలా లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఎంతో కొంత ఇవ్వడం అదే మొదటిసారి. మనిషికి 5 వేలు.

అదే సమయంలో హోటళ్ల ముందు ఇంకో ముచ్చట నడుస్తుంది. "లచ్చ తొంబై వేలు పడ్డయి, ఏం జేసిండు? బండి మార్చిండు, యాటను కోసి దావత్ ఇచ్చిండు. రేపటి రంది లేదు." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కారు. ముప్పై ఏళ్లు బాయి పని చేసి, పైసా పైసా కూడబెట్టి, ఇల్లు కట్టి, పిల్లల్ని ఇంజినీర్లను చేసినవాళ్లే ఎక్కువ. తమ పైసలు తాము కాపాడుకున్నారు, బాగానే ఉంది. మరి పక్కింటాయన పైసలు ఖర్చయితే వీళ్లకెందుకు గుచ్చుకుంటుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న చుట్టూ చాలా ప్రయోగాలు చేశారు. వాటిలో తేలిన సంగతులు కొన్ని పొదుపరులకు రుచించవు.

ముందు సొంత పైసల సంగతి చూద్దాం. 2007లో అమెరికాలో బ్రయన్ నట్సన్ బృందం 26 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, తెర మీద ఒక వస్తువునూ, ఆ తర్వాత దాని ధరనూ చూపించింది. కొంటారో వద్దో బటన్ నొక్కి చెప్పాలి. వస్తువు మనసుకు నచ్చినప్పుడు న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం చురుకయింది. ధర మరీ ఎక్కువ అనిపించినప్పుడు ఇన్సులా అనే భాగం మేలుకుంది. కుళ్లు వాసన తగిలినా, ఒంటికి నొప్పి తెలిసినా పనిచేసే భాగమది. అది గట్టిగా స్పందించినప్పుడు జనం ఆ వస్తువును వదిలేశారు. మెదడు స్కాన్ చూసి, బటన్ నొక్కకముందే ఎవరు కొంటారో ఎవరు కొనరో కొంతవరకు చెప్పగలిగారు. పైసలు తీసి ఇస్తుంటే ప్రాణం మీదికొచ్చినట్టుంటుందని మనవాళ్లు అంటారు కదా, ఆ మాటలో అతిశయోక్తి అనుకున్నంత లేదు.

అయితే ఈ నొప్పి అందరికీ ఒకే పాళ్లలో ఉండదు. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ముగ్గురు 13 వేల మందికి పైగా ప్రశ్నలు వేసి, ఖర్చుపెట్టేటప్పుడు ఎవరికి ఎంత బాధ కలుగుతుందో కొలిచే ఒక స్కేలు తయారుచేశారు. 2008లో అచ్చయిన ఆ పరిశోధనలో ఒక కొసన పిసినారులు, మరో కొసన ఖర్చుమనుషులు తేలారు. పిసినారులు ముగ్గురుంటే ఖర్చుమనుషులు ఇద్దరు. ఇక్కడో ముఖ్యమైన తేడా ఉంది. పిసినారి ఆపేది బాధవల్ల. అసలైన పొదుపరి ఆపేది దాచుకోవడంలో సంతోషం ఉండబట్టి. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఇద్దరి పాసుబుక్కూ నిండుగానే ఉంటుంది. కానీ పిసినారి తానే అనుకున్నంత ఖర్చు కూడా చేయలేడు, ఆ తర్వాత అయ్యో అనుకుంటాడు. ఆ పరిశోధకులు చేసిన ఒక చిన్న పరీక్ష సరదాగా ఉంటుంది. పార్శిల్ తొందరగా రావడానికి అయిదు డాలర్ల రుసుము కట్టాలని కొందరికి, అయిదు డాలర్ల 'చిన్న' రుసుము కట్టాలని మరికొందరికి చెప్పారు. ఆ 'చిన్న' అన్న ఒక్క మాటతో పిసినారుల్లో సరేనన్నవాళ్లు గణనీయంగా పెరిగారు. ఖర్చుమనుషులకు ఏ తేడా రాలేదు. లక్ష్మీనగర్ దుకాణదారులకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నాకు అర్థమైనంతలో తీర్పుల మొదలు ఇక్కడే ఉంది. తనకు కలిగే నొప్పి ఎదుటివాడికీ అంతే కలుగుతుందనీ, అయినా లెక్కచేయకుండా పారబోస్తున్నాడనీ పిసినారి అనుకుంటాడు. ఎదుటివాడికి అసలు అంత నొప్పే లేదన్న ఊహ రాదు. కాబట్టి అది అతనికి అలవాట్ల తేడాగా కాక బుద్ధిలేనితనంగా కనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, పిసినారులూ ఖర్చుమనుషులూ ఒకరినొకరు వెతుక్కుని పెళ్లిళ్లు చేసుకుంటారని అదే రిక్ బృందం 2011లో చూపించింది. తమ స్వభావం తమకే నచ్చక, తమలో లేనిది ఎదుటివారిలో చూసి మురుస్తారు. ఆ తర్వాత పైసల మీదే కొట్లాడుకుంటారు. మనవైపు సంబంధాలు చూసేది పెద్దవాళ్లు కాబట్టి ఈ నేరం కొంత వాళ్ల ఖాతాలోనూ వేయొచ్చు.

ఇంతవరకు స్వభావం సంగతి. అసలు సంగతి ఇకముందుంది. లక్షా తొంభై వేలు వచ్చిన పర్మినెంటు కార్మికుడు పదిహేను వేల ఫోను కొంటే "పోనీలే, పండుగ కదా" అంటారు. అయిదు వేలు వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఆ అయిదు వేలకు ఇంకొంత కలిపి అదే ఫోను కొంటే "వీడికెందుకు?" అంటారు. ఫోను ఒక్కటే, తీర్పులు రెండు. సెరెనా హాగర్టీ, కేట్ బరాజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ఈ తేడానే పట్టుకున్నారు. పదకొండు అధ్యయనాల్లో జనానికి ఒకే వస్తువు కొన్న మనుషుల గురించి చెప్పి, ఆ కొనుగోలు సబబేనా అని అడిగారు. కొన్నవాళ్ల ఆదాయం తక్కువని చెప్పిన ప్రతిచోటా తీర్పు కఠినమైంది. అనుకోకుండా కలిసొచ్చిన సొమ్ముతో కొన్నారని చెప్పినా కఠినంగానే ఉంది. కారణం తవ్వితే బయటపడ్డది ఇది: అదే వస్తువు ఉన్నవాళ్లకు అవసరంగా, లేనివాళ్లకు అనవసరంగా కనిపిస్తుంది. పేదవాళ్లకు అవసరమైనవి కొన్నే అని మనం ముందే ఖాయం చేసుకుంటాం, ఆ కొన్నింటికి బయట ఏది కొన్నా దుబారా కింద రాసేస్తాం. ఆలోచిస్తే ఇది తలకిందుల లెక్క. సొంత బండి, ఇంట్లో కంప్యూటర్, ఆఫీసు ఫోను అన్నీ ఉన్నవాడికి కొత్త ఫోను అంత అవసరమా, ఆ ఒక్క ఫోనులోనే రేపటి డ్యూటీ కబురు అందుకునేవాడికి అంత అవసరమా?

మన కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో ఈ రెండు తరాజుల సంగతి మూడేళ్ల తేడాతో కళ్లారా చూడొచ్చు. 2018 మే 10న రైతుబంధు పథకం అక్కడే మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేల రూపాయలు, ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ. ఇరవై ఎకరాల ఆసామికి ఏడాదికి లక్షా అరవై వేలు. పరిమితి పెట్టకపోవడాన్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు గానీ, ఆ చెక్కుతో ఆసామి ఎరువులే కొన్నాడా, కొడుకు బుల్లెట్ బండికి కిస్తీ కట్టాడా అని ఆరా తీసిన పొదుపరి నాకు తారసపడలేదు. 2021 ఆగస్టు 16న అదే నియోజకవర్గంలోని శాలపల్లిలో దళితబంధు మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు. లబ్ధిదారులు ట్రాక్టర్లు, సరుకుల బండ్లు, కార్లు తీసుకున్నారు, కొందరు బర్రెలు, దుకాణాలు ఎంచుకున్నారు. అక్కడి ఉపఎన్నిక ముందు వచ్చిన పథకం కాబట్టి రాజకీయ అనుమానాలు ఎలాగూ ఉంటాయి, అవి వేరు. కానీ "కార్లు కొంటున్నరట" అని చెవులు కొరుక్కున్నది మాత్రం రాజకీయం కాదు. కిరాయికి తిప్పే కారు బతుకుదెరువు. అయినా కారు అనగానే విలాసం అనిపించింది. కొన్నది ఎవరో తెలుసు కాబట్టి.

ఈ తీర్పుల వెనక ఒక భయం ఉంటుంది, దాన్ని తీసిపారేయకూడదు. చేతికి నగదు ఇస్తే తాగేస్తారన్న భయం. దీన్ని పరీక్షించినవాళ్లు ఉన్నారు. లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశాల్లో పేద కుటుంబాలకు నగదు ఇచ్చిన పథకాల మీద జరిగిన 19 అధ్యయనాలను డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా ఒక్కచోట చేర్చి చూశారు. నగదు అందాక మద్యం మీద, పొగాకు మీద ఖర్చు సగటున పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గింది. దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ ఉంది. 2005 తర్వాత అక్కడి 104 బస్తీల్లో సగం బస్తీలను లాటరీ తీసినట్టు ఎంచి, వాటిలోనే ముందుగా స్పందన సంస్థ సూక్ష్మరుణాలు ఇచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దఫ్లో, వాళ్ల సహచరులు ఏడాదిన్నర తర్వాత లెక్కలు తీశారు. అప్పు దొరికిన బస్తీల్లో చిల్లర వ్యాపారాల మీద పెట్టుబడి, మన్నికైన వస్తువుల కొనుగోళ్లు పెరిగాయి. మద్యం, పొగాకు, పాన్, జూదం లాంటివాటి మీద ఖర్చు తగ్గింది. పేదరికం పోయిందా అంటే పోలేదు, రుణం అద్భుతాలేవీ చేయలేదని ఆ పరిశోధకులే రాశారు. కానీ తాగి తగలేస్తారన్న జోస్యం మాత్రం తప్పింది. ప్రతి ఊళ్లోనూ తాగి తగలేసేవాడు ఒకడుంటాడు, నిజమే. వాడు నలుగురికీ కనిపిస్తాడు. కూతురి ఫీజు కట్టి ఇంట్లో కూర్చున్నవాడు ఎవరికీ కనిపించడు.

కనిపించే ఖర్చుల్లో పండుగలు ముందుంటాయి. బెనర్జీ, దఫ్లో 2007లో రాసిన వ్యాసం ప్రకారం రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో కటిక పేద కుటుంబాలు కూడా ఏడాది ఖర్చులో పదోవంతు దాకా పండుగలకు పెట్టాయి. తిండికి లేనివాళ్లకు జాతరలెందుకని అడగడం తేలిక. కర్ణాటక పల్లెల్లో విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్త ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు వెతికి 2001లో అచ్చువేశారు. పండుగలకు ఎక్కువ పెట్టిన కుటుంబాలకు ఊళ్లో గౌరవం పెరిగింది, నలుగురి ఇళ్లకు భోజనాలకు పిలుపులొచ్చాయి, పైగా తిండి సరుకులు వాళ్లకు కొంచెం తక్కువ ధరకే దొరికాయి. బీమా కంపెనీ అడుగుపెట్టని ఊళ్లో ఆపద వస్తే ఆదుకునేది ఆ భోజనాల పంక్తిలో కూర్చున్నవాళ్లే. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పుష్య అమావాస్య పూజ కోసం మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లకు కాలినడకన పోయి వస్తారు. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న బంధుగణమంతా ఏడాదికోసారి అక్కడ కలుస్తుంది. ఈమధ్య కట్టిన కొత్త గుడికి కూడా ఆ వంశం వాళ్లే చందాలు వేసుకున్నారు. ఆ పైసలతో ఇంకేదో చేయాల్సిందని అనేవాళ్లు అక్కడ ఏం కొనుగోలవుతోందో చూడలేదు.

గల్ఫ్ ఇళ్లు మరో ఉదాహరణ. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో రంగులేసిన రెండంతస్తుల డాబా చూపించి, "అప్పు తీరకముందే మేడ లేపిండు" అంటారు. ఆ మనిషి పదేళ్లు దుబాయిలో బంకు మంచం మీద పడుకున్న సంగతి గోడకు కనిపించదు. ఆ గోడ చూసే ఇంట్లో ఆడపిల్లకు సంబంధం వస్తుంది, అవసరానికి చేబదులు పుడుతుంది.

అలాగని పొదుపరుల మాటంతా కొట్టేయలేం. వాళ్లు గురి చూసే చోటే తప్పుతున్నారు. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ చూపించినట్టు మనుషులు పైసలను మనసులో వేరువేరు డబ్బాల్లో వేసుకుంటారు. పండుగ పైసలు పండుగకు, అప్పు సంగతి తర్వాత. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు ఏడాదికి 36 వేలు కడతాడు. బోనస్‌తో అది తీర్చకుండా బండి కొంటే, ఆ బండి అసలు ధర షోరూములో చెప్పినదానికంటే చాలా ఎక్కువ. ఈ నష్టం రోడ్డు మీద కనిపించదు కాబట్టి దీన్ని ఎవరూ ఎత్తిపొడవరు. యాటపోతు కనిపిస్తుంది కాబట్టి దాన్నే ఎత్తిపొడుస్తారు.

ఎదుటివాళ్ల ఖర్చు మీద కన్నేయడం సబబైన చోటు కూడా మన జిల్లాల్లోనే ఉంది. 1982లో మహిళా సంఘాల పథకం ద్వాక్రా మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రం నుంచి ఎంపికైన కొద్ది జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. అప్పటి కరీంనగర్ జిల్లా ములుకనూరులో సహకార సంఘం 1956 నుంచే నడుస్తోంది. మహిళా సంఘంలో పదిమందీ కలిసి అప్పు తీసుకుంటారు కాబట్టి ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్ల మీద పడుతుంది. "ఏమక్కా, ఆ పైసలు దేనికి వాడినవ్?" అని అక్కడ అడిగితే అది తీర్పు కాదు, అడిగే మనిషికీ నష్టంలో పాలుంది. హోటల్ ముందు తీర్పులిచ్చే పెద్దమనిషికి ఆ పాలు లేదు.

అందుకే పొదుపరులైన పాఠకులకు ఒక విన్నపం. ఈసారి బోనస్ పడ్డప్పుడు పక్కింటాయన కొన్న బండి గురించి కాదు, ఆయన బయట కడుతున్న వడ్డీ గురించి అడగండి. మూడు రూపాయల అప్పును ఇంటావిడ సంఘం ద్వారా బ్యాంకు రుణంలోకి మార్చుకునే దారి మీకు తెలిస్తే చెప్పండి. వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది. లక్షకు ఏడాదికి కనీసం 18 వేలు ఆ ఇంట్లో మిగులుతాయి. దసరా దావత్‌కు అంతకంటే తక్కువే అయి ఉంటుంది.