పాత కార్ల షాక్ అబ్జార్బర్లు

షాక్ అబ్జార్బర్ అనగా వాహనపు స్ప్రింగుల ఊగులాటను అదుపుచేయు సాధనము. వాడుకలో దీనిని షాకబ్జర్ అని కూడా అంటారు. ఇది కుదుపును మ్రింగివేయునని పేరును బట్టి తోచును గాని, కుదుపును మొదట స్వీకరించునది స్ప్రింగు. ఆ స్ప్రింగు పైకీ క్రిందికీ ఊగుచుండకుండ, దానిలోని శక్తిని వేడిగా మార్చి వెదజల్లుటయే షాక్ అబ్జార్బర్ పని. భౌతికశాస్త్రములో అవరుద్ధ డోలనాల పాఠము చదివిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. బ్రిటనులో వాడు డ్యాంపర్ అను పేరే దీనికి సరియైనది.

పాత కారును బాగుచేయించు వారు అసలు డ్యాంపర్లనే ఉంచవలెనా, ఆధునికమైనవి అమర్చవలెనా అన్నది చాలాకాలముగా చర్చలో ఉన్న విషయము. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీ కారు దీనికి మంచి ఉదాహరణ.

రెండు రకముల నిర్మాణము

తొలినాళ్ళలో రాపిడి బిళ్ళలతో పనిచేయు డ్యాంపర్లు ఉండెడివి. తరువాత నూనెతో పనిచేయునవి వచ్చినవి. ఎంజీబీకి కర్మాగారములో అమర్చినవి ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ రకమునకు చెందినవి. వీటిలో పోత అల్యూమినియపు పెట్టె, దానిలో నూనె, పిస్టన్లు, ఒక కవాటము ఉంటాయి. చక్రము కదలినపుడు బయటి లీవరు కదలి, ఇరుసు ద్వారా పిస్టన్లను నెట్టును. నూనె సన్నని దారి గుండా బలవంతముగా పోవలసివచ్చును. సైకిలు పంపు మూతిని వేలితో సగము మూసి నొక్కినచో చేతికి తగులు నిరోధము వంటిదే ఇదియు.

టెలిస్కోపిక్ రకములో ఒక గొట్టములో పిస్టన్ నిలువుగా కదలును. దీనిలో పిస్టన్ కదలిక ఎక్కువ. గాలి తగులు ఉపరితలము కూడ ఎక్కువ కనుక వేడి త్వరగా పోవును. లీవరు రకము ఎగుడుదిగుడు దారిపై చాలాసేపు వేగముగా పోయినచో నూనె వేడెక్కి పలుచబడి పట్టు తగ్గును. కొన్ని ఆధునిక రకములలో గట్టిదనమును మార్చుకొను మర కూడ ఉండును.

ముందు చక్రముల విషయము

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఎంజీబీ వెనుక భాగములో కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటాయి. అచటి డ్యాంపరు ఊగులాటను ఆపుట తప్ప వేరొక పని చేయదు. ముందు భాగములో అట్లు కాదు. అచట డ్యాంపరు లీవరే సస్పెన్షన్ పైభుజము. చక్రమును నిలిపి ఉంచునది అదే. కావున ముందు డ్యాంపరు ఇరుసు అరిగి వదులైనచో కారు ఊగుటయే గాక, చక్రపు కోణము మారి స్టీరింగు నిలకడ తప్పును. ఇది సౌఖ్యమునకు కాదు, ప్రాణమునకు సంబంధించిన విషయము.

కొన్ని మార్పిడి సామగ్రులలో పాత డ్యాంపరును పైభుజముగా అట్లే ఉంచి, ప్రక్కన టెలిస్కోపిక్ డ్యాంపరును చేర్చుదురు. అట్టి వానిలో అరిగిన ఇరుసు అరిగినట్లే ఉండును. క్రొత్త పైభుజముతో వచ్చు సామగ్రిలో ఈ లోపము లేదు గాని ఖర్చు ఎక్కువ.

పోల్చుటలో పొరపాటు

పలువురు నలుబది ఏండ్లు వాడి నూనె కారిపోయిన పాత డ్యాంపరును క్రొత్త టెలిస్కోపిక్ డ్యాంపరుతో పోల్చి, క్రొత్తదే మేలని తీర్మానించుచున్నారు. ఇది న్యాయమైన పోలిక కాదు. ముందుగా పాతదానిని పరీక్షింపవలెను. వెనుక డ్యాంపరు లీవరును ఇరుసుకు కలుపు కడ్డీని విప్పి, లీవరును చేతితో పైకీ క్రిందికీ నెమ్మదిగా కదపవలెను. నిరోధము అంతటా ఒకే తీరున ఉన్నచో బాగున్నట్లు. నడుమ కొంతమేర వదులుగా పోయినచో నూనె తగ్గినట్లు లేక గాలి చేరినట్లు. లీవరు ఇరుసు చుట్టూ తడి ఉన్నచో సీలు పోయినట్లు. అపుడు నూనె పోసినను తిరిగి కారిపోవును. క్రొత్త బుష్షులు, సీళ్ళు వేసి బాగుచేయించిన డ్యాంపరు మామూలు ప్రయాణములకు చక్కగా సరిపోవును. నూనె తగ్గినదని బ్రేకు ఆయిల్ పోయుట పెద్ద తప్పు.

టెలిస్కోపిక్ మార్పిడిలోను చిక్కులు లేకపోలేదు. డ్యాంపరు పొడవు సరిపడనిచో, రబ్బరు స్టాపు తాకకముందే అది అంతిమ స్థానమునకు చేరి చట్రముపై దెబ్బ వేయును. మరీ గట్టివి అమర్చినచో పాత చట్రపు బిగింపులపై భారము పెరుగును. రేసులకు పోవు వారికి అవసరమైన గట్టిదనము ఆదివారము నాడు ఊరి చుట్టూ తిరుగు వారికి నడుము నొప్పినే మిగుల్చును.

అసలుతనము

1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య (ఫివా) రూపొందించిన టురిన్ ఛార్టర్ పాత వాహనములలో చేయు మార్పులు తిరిగి తీసివేయదగినవిగా ఉండవలెనని కోరుచున్నది. బోల్టులతో బిగించు వెనుక టెలిస్కోపిక్ సామగ్రి ఈ కోవకు చెందును. చట్రమును కోసి వెల్డింగు చేయుట చెందదు.

భారతదేశములో 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటిన వాహనమునకు వింటేజ్ నమోదు పొందుటకు దాని చట్రము, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరములలో పాత కార్లు ఉన్నవారు చట్రముపై వెల్డింగు చేయించుటకు ముందు ఈ నియమమును చూచుకొనవలెను. విప్పిన అసలు డ్యాంపర్లను పాత ఇనుప సామానుకు వేయక, బోల్టులతో సహా గుడ్డలో చుట్టి, ఏ ప్రక్కవో చీటీ కట్టి దాచవలెను. కుడి, ఎడమ డ్యాంపర్లు ఒకదాని స్థానములో ఒకటి అమరవు.