అద్దం ముక్క చెప్పే నంబరు

మదీనా చౌరస్తా దగ్గర రెడీమేడ్ బట్టల దుకాణం నడిపే పాఠకుడొకరు పోయిన నెల నాకొక కవరు పంపారు. విప్పితే ఉత్తరంతో పాటు చొక్కాకి వేలాడదీసే అట్ట ట్యాగు బయటపడింది. బల్బుకి ఎదురుగా పట్టుకుంటే లోపల వెండిరంగు తీగ మెలికలు తిరిగి కనిపిస్తుంది. కంపెనీ తరఫు కుర్రాడు వచ్చి తుపాకీ లాంటి యంత్రాన్ని అలా తిప్పితే, టేపు కూడా విప్పని డబ్బాలోని అరవై చొక్కాలూ క్షణాల్లో లెక్కకొచ్చాయట. ఆయన అడిగింది రెండు ప్రశ్నలు. బ్యాటరీ లేని ఈ అట్ట జవాబెలా చెబుతోంది? దీన్ని జేబులో పెట్టుకు తిరిగితే మనం ఎక్కడున్నామో ఎవరైనా కనిపెడతారా? ఈ నెలకి వేరే వ్యాసం సిద్ధం చేసుకున్నాను. పక్కన పెట్టేశాను.

అదే అట్ట మీద మామూలు బార్‌కోడ్ కూడా ఉంది. దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నల్లగీత వెలుగును మింగుతుంది, తెల్ల సందు తిరగ్గొడుతుంది, ఆ తేడాని స్కానరు అంకెలుగా చదువుకుంటుంది. అమెరికాలో నార్మన్ జోసెఫ్ ఉడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్‌లకు దీని పేటెంటు 1952లో దక్కింది. దుకాణంలో మొదటి సరుకు మీద స్కానరు పడింది మాత్రం 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, చూయింగ్‌గమ్ ప్యాకెట్ మీద. నంబరు 890తో మొదలైతే సరుకు మన దేశంలో తయారైనట్టే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. కాదు. ఆ నంబరు తీసుకున్న కంపెనీ, ఈ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియా అనే సంస్థలో నమోదైందని మాత్రమే దానర్థం.

బార్‌కోడ్‌తో చిక్కల్లా, అది కంటికి కనబడాలి. కిందటేడు నేను పంపిన పుస్తకాల మూట అఫ్జల్‌గంజ్ వైపు ఒక ట్రాన్స్‌పోర్ట్ గోదాములో మూడు రోజులు జాడ లేకుండా పోయింది. బిల్టీ నా చేతిలో ఉంది, కంప్యూటరేమో సరుకు చేరిందనే అంటోంది. చివరికి పెద్దవయసు హమాలీ ఒకాయన బేళ్లన్నీ ఒక్కొక్కటే తిరగేస్తే అట్టడుగున దొరికింది, స్టిక్కరు నేలకి ఆనుకుని. స్కానరు చెడిపోలేదు. దానికి గీతలు కనబడలేదు, అంతే.

కనబడనక్కర్లేని ట్యాగు అందుకే పుట్టింది. పాఠకుడు పంపిన అట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొర ఊడదీశాను. పల్చని ప్లాస్టిక్ కాగితం మీద వేలెడు పొడవున అల్యూమినియం రేకు, మెలికలు మెలికలుగా. సరిగ్గా మధ్యలో బొంబాయి రవ్వ గింజంత నల్లచుక్క. ఆ రేకు యాంటెన్నా, ఆ చుక్క చిప్. ఇంకేమీ లేదు. ఇదేనా అరవై చొక్కాలని లెక్కపెట్టింది అని భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూచున్నాను.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే సాయంత్రం దీపాల వేళ చార్మినార్ పక్కనుంచి లాడ్ బజార్‌లోకి నడవాలి. అక్కడి లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడి లక్కలో చిన్న చిన్న అద్దం ముక్కలు, రాళ్లు పొదుగుతారు. దుకాణదారు గాజును బల్బు కింద పట్టుకుని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతాడు. తళుక్కుమంటుంది, ఆరిపోతుంది, మళ్లీ తళుక్కుమంటుంది. ఆ గాజులో సొంత వెలుగు ఒక్క చుక్క లేదు. వెలుగంతా బల్బుది. గాజు చేసేదల్లా ఒక క్షణం దాన్ని మన కంటివైపు తిప్పడం, మరుక్షణం తిప్పకపోవడం.

ట్యాగు చేసేది అచ్చం ఇదే. రీడరు, అంటే ఆ తుపాకీ, రేడియో అలలు వదులుతుంది. మన దేశంలో ఈ పనికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని లైసెన్సు అవసరం లేకుండా 2005లో వదిలారు. అలలు రేకుకి తగిలితే అందులో సన్నని కరెంటు పుడుతుంది. చిప్ లోపల యాంటెన్నా రెండు కొనల మధ్య ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. స్విచ్చి తెరిచి ఉంటే వచ్చిన శక్తిని చిప్ తాగేస్తుంది. స్విచ్చి మూసి రెండు కొనల్నీ కలిపేస్తే శక్తి లోపలికి పోలేక ఎక్కువభాగం వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. తాగడం ఒక స్థితి, తిప్పికొట్టడం ఇంకో స్థితి. ఈ రెండిటినీ మార్చి మార్చి చేస్తూ ఒకట్లు, సున్నాలు పంపిస్తుంది. ట్యాగు ఏమీ ప్రసారం చెయ్యదు. రీడరు గొంతునే రీడరుకి తిరిగి వినిపిస్తుంది, కాస్త వణికించి.

ఇక్కడొక అనుమానం రావాలి. గోడలు, ఇనుప రాకులు, పక్కన నిలబడ్డ మనిషి, అన్నీ అలల్ని తిప్పికొట్టేవే. అన్ని ప్రతిధ్వనుల మధ్య ఈ రేకు తిప్పికొట్టింది ఎలా వేరుపడుతుంది? మళ్లీ గాజు దగ్గరికే రండి. లాడ్ బజార్‌లో వెయ్యి దీపాలుంటాయి, ప్రతి దుకాణం గోడకీ అద్దాలుంటాయి. అవన్నీ నిలకడగా వెలుగుతుంటాయి గనక కన్ను వాటిని మరిచిపోతుంది. కదిలే చేతి మీది తళుకు ఒక్కటే లాగుతుంది. గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని కూడా అలాగే నిలకడగా ఉంటుంది. ట్యాగు తళుకు సెకనుకి 40 వేల నుంచి 6 లక్షల 40 వేల సార్ల దాకా మారుతుంది. నిలకడగా ఉన్నదాన్నంతా రీడరు తీసేసి, వణికేదాన్ని మాత్రం ఉంచుకుంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకో సొగసు ఉంది. తిప్పికొట్టే క్షణాల్లో చిప్‌కి తిండి దాదాపు అందదు. అందుకని తాగినప్పుడే కొంచెం ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచుకుని, మాట్లాడే క్షణాల్లో ఆ దాచుకున్నది ఖర్చుపెడుతుంది. అసలు దానికి ఎంత అందుతుందో లెక్క వేద్దాం. రీడరు 4 వాట్ల బలంతో పిలుస్తోందనుకుంటే, 10 మీటర్ల దూరంలో ఉన్న మామూలు యాంటెన్నాకి దక్కేది ఇంచుమించు 30 మైక్రోవాట్లు. వాట్‌ని పది లక్షల వంతులు చేస్తే అందులో 30. చిప్‌కి పది మైక్రోవాట్ల చుట్టుపక్కల దొరికితే చాలు, నిద్రలేస్తుంది.

మరి అరవై చొక్కాలూ ఒక్కసారే అరిస్తే? రీడరు ముందుగా ఒక ఆజ్ఞ ఇస్తుంది: సున్నా నుంచి, ఉదాహరణకి, 63 దాకా తలా ఒక చీటీ తీసుకోండి అని. ప్రతి ట్యాగూ తనలో తనే ఒక అంకె వేసుకుంటుంది. సున్నా పడ్డది మాత్రం పలుకుతుంది. తన అసలు నంబరు కాదు, అప్పటికప్పుడు పుట్టించిన ఒక చిన్న సంకేతం చెబుతుంది. రీడరు అదే సంకేతాన్ని తిరిగి పలికితే, పిలిచింది నన్నే అని తెలుసుకుని అప్పుడు తన నంబరు విప్పుతుంది. తర్వాత అందరూ తమ చీటీలో ఒకటి తగ్గించుకుంటారు. ఇద్దరికి ఒకే అంకె పడి గొంతులు కలిసిపోతే ఆ ఇద్దరికీ మళ్లీ చీటీలు. ఈ చీటీల పద్ధతికి మూలం 1971లో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం హవాయి దీవుల మధ్య నడిపిన రేడియో కంప్యూటర్ నెట్‌వర్క్. విప్పే నంబరు మామూలుగా 96 బిట్లు ఉంటుంది. బార్‌కోడ్ ఇది ఫలానా రకం చొక్కా అని ఊరుకుంటుంది. ట్యాగు ఇది ఫలానా ఒక్క చొక్కా అని చెబుతుంది.

ఈ తిప్పికొట్టే కిటుకును తొలిరోజుల్లో వాడిన మనిషి సరుకు లెక్కల మనిషి కాడు. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. రాయబారి దాన్ని ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన పరికరం ఉంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటినుంచి రేడియో కిరణం పంపితే, గదిలో మాటలకి అదిరే పల్చటి పొర ఆ కిరణాన్ని వణికించి తిప్పి పంపేది. 1952లో పట్టుబడేదాకా ఏడేళ్లు అది గోడ మీదే ఉంది. రహస్య యంత్రం అంటే ఏదో ఒకటి ప్రసారం చేస్తూ ఉంటుంది కదా అన్న నమ్మకమే వెతికేవాళ్లని తప్పుదారి పట్టించింది. ఈలోగా 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు తిప్పికొట్టిన శక్తితోనే సమాచారం పంపొచ్చని అందరూ చదువుకునేలా వ్యాసం రాసేశాడు.

మనమూ తప్పుదారి పట్టాం. 2016 నవంబరులో రెండు వేల నోటు వచ్చినప్పుడు అందులో నానో చిప్ ఉందని, బ్యాటరీ అక్కర్లేకుండా ఉపగ్రహం సంకేతాన్ని తిప్పికొడుతుందని, భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా దొరికిపోతుందని ప్రచారం జరిగింది. కొన్ని టీవీ చానళ్లు కూడా చెప్పాయి, రిజర్వ్ బ్యాంకు ఖండించాల్సి వచ్చింది. ఆ పుకారు నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే అందులో సగం నిజమైన భౌతికశాస్త్రమే. తిప్పికొట్టడం నిజం. దూరమే అబద్ధం. దూరం రెట్టింపైతే ట్యాగుకి అందే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ నాలుగో వంతు. అంటే రీడరుకి చేరేది పదహారో వంతు. దారి చూపే ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, 10 మీటర్లకి 20 లక్షల రెట్లు. మొదటి ప్రయాణానికే శక్తి 4 లక్షల కోట్ల రెట్లు తగ్గిపోతుంది. మన 30 మైక్రోవాట్లని దానితో భాగించి చూడండి. చిప్ నిద్రే లేవదు.

అమెరికా వాల్‌మార్ట్ కూడా ఈ అలల విషయంలో పొరబడింది. పెద్ద సరఫరాదారులు వంద మందీ 2005 జనవరికల్లా డబ్బాలకి ట్యాగులు అతికించాలని 2003లో హుకుం జారీ చేసింది. అనుకున్నట్టు సాగలేదు. నీళ్లు ఈ అలల్ని మింగేస్తాయి, లోహం చిందరవందర చేస్తుంది. మన దగ్గరే చూడండి. పత్తర్‌గట్టీ అత్తరు సీసాల మధ్య, బేగంబజార్ స్టీలు బిందెల మీద ఈ కాగితం ట్యాగు అతికిస్తే మూగబోతుంది. బట్టలకి మాత్రం బ్రహ్మాండం.

ఉపయోగాల గురించి కూడా చెప్పాలి కదా. కారు అద్దం మీది ఫాస్టాగ్ ఈ తళుకు కుటుంబమే. బెంగళూరు రోడ్డు మీద రాయికల్ టోల్ దగ్గర గేటు లేస్తున్నది దానివల్లే. మెట్రో కార్డు దూరపు చుట్టం, అయస్కాంత క్షేత్రంతో గేటుకి ఆనుకుంటేనే పలుకుతుంది. ఇంత అందమైన సంగతిని మనం డబ్బులు వసూలు చేయడానికీ, దుకాణంలో దొంగల్ని పట్టుకోవడానికీ వాడుకుంటున్నాం. గోదాముల్లో మూటలు తిరగేసే ఆ పెద్దాయన నడుముకి మాత్రం ఇంతవరకు ఉపయోగపడలేదు. చొక్కా అమ్ముడైన మరుక్షణం అల్యూమినియం రేకూ, ప్లాస్టిక్ పొరా, చిప్పూ మోరీలో పడుతున్నాయి. అదీ నాకు మింగుడుపడదు.

మదీనా పాఠకుడి రెండో ప్రశ్నకి వస్తాను. జేబులో పెట్టుకుంటే ఎవరూ వెంటాడలేరు. చూడాలంటే కొన్ని మీటర్ల లోపు రీడరు పట్టుకుని నిలబడాలి. పైగా మన ఒళ్లు చాలావరకు నీళ్లే, చర్మానికి ఆనుకున్న ట్యాగు సరిగ్గా పలకదు. పలికినా దొరికేది ఒక నంబరు, అది ఎవరిదో కంపెనీ పుస్తకాల్లోనే ఉంటుంది. అయినా మనసొప్పకపోతే మధ్యలోని నల్లచుక్కని కత్తెరతో కోసెయ్యండి. రేకు మిగిలినా భయం లేదు. అది అలల్ని తిప్పికొడుతూనే ఉంటుంది గానీ వణకదు, దుకాణం గోడకీ దానికీ తేడా ఏ రీడరూ చెప్పలేదు.